అద్దంలో నేను, ఫొటోలో ఎవరో

"నేను ఫొటోల్లో బాగా పడనే, నన్నొదిలెయ్యండి." పెళ్ళి స్టేజీ మీద గ్రూప్ ఫొటోకి పిలిచినప్పుడు ఈ మాట వినపడని ఫంక్షన్ హాలు మన దగ్గర ఉండదు. అన్నావిడ వెనక వరసలోకి జారుకుంటుంది. కుదరకపోతే ఎవరి పిల్లాణ్ణో ఎత్తుకుని పొట్టకి అడ్డం పెట్టుకుంటుంది, పైట చెంగు భుజం మీదుగా ముందుకి లాక్కుంటుంది. మర్నాడు వాట్సాప్ గ్రూపులో ఫొటోలు రాగానే పెళ్ళికూతుర్ని కూడా చూడకుండా తన ముఖం వెతుక్కుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తుంది. గడ్డం కింద మడత, ఉబ్బిన చెంప, జాకెట్టు చేతికి బిగుసుకున్న దండచెయ్యి. తీర్పు అక్కడికక్కడే వచ్చేస్తుంది: ఇంత లావయ్యానా నేను!

తీర్పు చెప్పేముందు విచారించాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. కెమెరా ఎంత దూరంలో ఉంది, వెలుతురు ఎటునుంచి పడింది, షట్టర్ ఏ క్షణాన పడింది, ఆ ఫొటో చూస్తున్న కళ్ళు ఎవరివి, ఇవన్నీ కలిస్తేనే ఒక ఫొటో అవుతుంది. వీటిలో ఒక్కోదాని వాటా ఎంతో గత యాభై ఏళ్ళలో జాగ్రత్తగా కొలిచి చూసినవాళ్ళున్నారు. మరోపక్క, ఆడవాళ్ళకి తమ ఒంటి మీద తమకి నమ్మకం కలిగేలా పోర్ట్రెయిట్లు తీస్తామనే ఫొటోగ్రాఫర్లు బయల్దేరారు. కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత, నలభై దాటాక, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, ఇలా సందర్భానికో పేరు. వాళ్ళ పనిలో శాస్త్రం పాలు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. కాకపోతే అది పనిచేసే చోటు, వాళ్ళు బోర్డు మీద రాసుకున్న చోటు ఒకటి కావేమోనని నా అనుమానం.

ముందు అద్దం సంగతి. మన ముఖం మనకి పరిచయమైంది అద్దంలోనే, అంటే కుడి ఎడమలు తారుమారై. ముక్కుకి కుడివైపు పుడక పెట్టుకున్నావిడకి అద్దంలో అది ఎప్పుడూ తన కుడిచేతి వైపే మెరుస్తుంది. ఫొటోలో అదే పుడక ఎడమపక్కన కనిపిస్తుంది. పక్క పాపిట తీసుకుంటే అదీ అవతలికి పోతుంది. ఏ ముఖమూ రెండువైపులా అచ్చంగా ఒకేలా ఉండదు. ఒక కనుబొమ్మ కాస్త పైకి, ఒక పెదవి చివర కాస్త కిందికి. ఏళ్ళ తరబడి ఒకవైపే చూసి అలవాటైన ఆ చిన్న చిన్న వంకరలన్నీ ఒక్కసారిగా ఎదురువైపుకి మారేసరికి, ఫలానా చోట అని వేలుపెట్టి చూపించలేని తేడా ఏదో ముఖమంతా పరుచుకుంటుంది.

1977లో అమెరికాలో థియోడర్ మీటా, మార్షల్ డెర్మర్, జెఫ్రీ నైట్ అనే ముగ్గురు దీన్నే పరీక్షించారు. విద్యార్థినుల ఫొటోలు తీసి, ఒక్కోదాన్ని రెండు రకాలుగా ప్రింటు వేశారు: ఒకటి మామూలుగా, రెండోది నెగెటివ్ తిరగేసి. ఏది బాగుందని అడిగితే ఫొటోలోని అమ్మాయిలు ఎక్కువగా తిరగేసినదాన్ని, అంటే తాము అద్దంలో చూసుకునేదాన్ని ఎంచుకున్నారు. వాళ్ళ స్నేహితురాళ్ళు మామూలు ప్రింటే బాగుందన్నారు. ముఖం ఒకటే, నెగెటివ్ ఒకటే. ఎవరికి ఏది అలవాటో వాళ్ళకి అదే నచ్చింది. ఊరికే పదేపదే చూడటం వల్లనే ఒకదాని మీద ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జాయన్స్ చెప్పిన మాటకి ఇది చక్కని రుజువైంది.

సెల్ఫీ కెమెరా ఈ చిక్కుని ముదరబెట్టింది. తీసేటప్పుడు తెర మీద అద్దంలా చూపిస్తుంది. చాలా ఫోన్లలో సేవ్ చేసేటప్పుడు మాత్రం తిప్పి, లోకం చూసే ముఖాన్ని దాస్తుంది. బటన్ నొక్కేదాకా బాగానే ఉన్న ముఖం నొక్కగానే పాడైనట్టు అనిపించడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం దూరం. దీనికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు. కెమెరా ముక్కు కొనకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చెవులు ముక్కు కొనకంటే సుమారు 12 సెంటీమీటర్లు వెనక ఉంటాయి, అంటే కెమెరాకి 42 సెంటీమీటర్లు. దగ్గరున్నది పెద్దదిగా, దూరమున్నది చిన్నదిగా పడుతుంది కాబట్టి 42ని 30తో భాగిస్తే 1.4. చెవులతో పోలిస్తే ముక్కు ఉండాల్సినదానికంటే 40 శాతం పెద్దదైపోయింది. కెమెరాని మీటరున్నర దూరానికి జరిపితే 162ని 150తో భాగించాలి: 1.08. తేడా 8 శాతానికి దిగింది. ముఖం అదే, కెమెరా అదే, నిలబడ్డ చోటు మారిందంతే.

తన దగ్గరికొచ్చే పేషెంట్లు ఫోన్ తీసి, సెల్ఫీ చూపించి, ముక్కు సరిచెయ్యమని అడుగుతుంటే బోరిస్ పస్‌కోవర్ అనే అమెరికన్ సర్జన్ తన బృందంతో కలిసి ఇదే లెక్క పద్ధతిగా వేసి 2018లో ప్రకటించాడు. 12 అంగుళాల దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. 5 అడుగుల దూరానికి వెళ్ళేసరికి ఆ తేడా కంటికి తెలియదు. అంతకు ఆరేళ్ళ ముందే కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ శాస్త్రజ్ఞులు ఒకే మనిషిని 45 సెంటీమీటర్ల నుంచి, 135 సెంటీమీటర్ల నుంచి ఫొటోలు తీసి పరాయివాళ్ళకి చూపించారు. దగ్గర నుంచి తీసిన ముఖాలకి అందంలోనే కాదు, నమ్మదగినవాళ్ళా, సమర్థులా అన్న ప్రశ్నలకి కూడా మార్కులు తగ్గాయి. చూసినవాళ్ళెవరూ దూరం గురించి ఆలోచించలేదు, మనిషే అలాంటిదనుకున్నారు.

పోర్ట్రెయిట్‌కి 85 ఎంఎం లెన్సు మంచిదనే మాట ప్రతి ఫొటోగ్రాఫర్ నోటా వింటాం. మాట నిజమే గానీ ఆ మంచితనం లెన్సుది కాదు. ఆ లెన్సుతో తల, భుజాలు ఫ్రేములో పట్టాలంటే ఫొటోగ్రాఫర్ వెనక్కి జరిగి నిలబడక తప్పదు. ఫోనుతో కూడా రెండడుగులు వెనక్కి వేసి, జూమ్ రెండింతలో మూడింతలో పెట్టి తీస్తే అదే ఫలితం వస్తుంది. ఖర్చులేని ఈ పని ఎవరూ చెయ్యరు.

గ్రూప్ ఫొటోలో నక్కి నిలబడేవాళ్ళకి ఇక్కడ ఒక చేదు కబురుంది. వెడల్పుగా పట్టే లెన్సులు ఫ్రేము అంచుల్లో ఉన్నవాటిని పక్కలకి సాగదీస్తాయి. 24 ఎంఎం లెన్సుతో తీస్తే మధ్యలో గుండ్రంగా పడే బంతి కుడి ఎడమ అంచుల దగ్గర పావువంతు ఎక్కువ వెడల్పుగా పడుతుంది. మనిషి ఒళ్ళు కూడా గుండ్రని వస్తువే. ఫోన్ల మామూలు కెమెరాలు దాదాపు ఈ కోవలోవే. లావుగా పడతానని భయపడి చివరకి జరిగినావిడ సరిగ్గా లావుగా పడే చోటికే వెళ్ళి నిలబడుతోంది.

వెలుతురు కథ ఇంతకంటే పెద్దది. అందులో మన చామనఛాయల సంగతీ ఉంది. ఫంక్షన్ హాల్లో దీపాలు నెత్తి మీద ఉంటాయి. వెలుతురు పైనుంచి నిలువుగా పడితే కళ్ళ గుంటల్లో, గడ్డం కింద, పొట్ట మడతల కింద నీడలు నిండుతాయి. దీపం చిన్నదైనకొద్దీ నీడ అంచు పదునెక్కుతుంది. అదే పెద్ద కిటికీ దగ్గర నిలబడితే నీడ అంచు కరిగిపోతుంది. కాన్పు తర్వాత పొట్ట మీద మిగిలే చారలనే తీసుకోండి. పక్కనుంచి చర్మాన్ని రాసుకుంటూ పోయే వెలుతురులో ప్రతి చారకీ ఒక వెలుగు అంచు, ఒక నీడ అంచు పుట్టి దున్నిన చేనులా కనిపిస్తాయి. ఎదురుగా ఉన్న పెద్ద కిటికీ వెలుతురులో అవే చారలు ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి. రెండూ అబద్ధాలు కావు. ఏది చూపించాలన్న నిర్ణయం మాత్రం దీపం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయమే.

రంగు దగ్గర కెమెరాకి పుట్టుకతోనే ఒక పక్షపాతం ఉంది. లోపలి మీటరు ఎదుట ఉన్నదాన్నంతా సగటున ఒక మధ్యరకం బూడిద వెలుగుకి తేవాలని చూస్తుంది. తెల్లగోడ ముందు నల్లని ముఖం ఉంటే, గోడ వెలుగు తగ్గించాలని మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది. ముఖంలో కళ్ళూ పళ్ళూ తప్ప మిగతా వివరం మునిగిపోతుంది. అప్పుడు స్టూడియోవాళ్ళు దాన్ని 'బ్రైట్' చేస్తారు, ముఖం సున్నం కొట్టినట్టవుతుంది, చేతులు అసలు రంగులోనే మిగులుతాయి. పాత పెళ్ళి ఆల్బముల్లో రెండు రంగుల మనుషులు అందుకే.

ఫిల్ము కూడా ఈ విషయంలో అమాయకురాలేం కాదు. అమెరికాలో కొడాక్ కంపెనీ రంగుల ప్రింట్లు సరిచూసుకోవడానికి ల్యాబులకి పంపిన నమూనా ఫొటోల్లో దశాబ్దాల పాటు తెల్లజాతి యువతే ఉండేది. మొదట్లో ఆ ఫొటోకి కూర్చున్న కంపెనీ ఉద్యోగిని పేరు షెర్లీ కావడంతో వాటికి షెర్లీ కార్డులనే పేరు స్థిరపడింది. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగా ఉన్నట్టు లెక్క. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ ఈ చరిత్రని తవ్వి తీసినప్పుడు ఒక విచిత్రం బయటపడింది. గోధుమరంగు ఛాయల్ని ఫిల్ము సరిగా పట్టడం లేదని గట్టిగా ఫిర్యాదు చేసి మార్పు తెప్పించినవాళ్ళలో చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు ఉన్నాయి. మనుషుల ముఖాలు సరిగా పడటం దానివెంట వచ్చిన లాభం. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోనులో నల్లని ఛాయల్ని సరిగా పట్టడానికి ప్రత్యేకంగా పని చేశామని ప్రకటించుకోవాల్సి వచ్చిందంటే, ఆ బాకీ తీరడానికి ఎంతకాలం పట్టిందో చూడండి.

నల్లని చర్మాన్ని బాగా తీసేవాళ్ళు దాన్ని తెల్లబరచరు. చర్మం మీద పడిన వెలుతురులో ఓ 4–5 శాతం లోపలికి వెళ్ళకుండా పైపొర మీదనుంచే తళుక్కున తిరిగొస్తుంది. ఈ మెరుపు ఏ రంగు చర్మానికైనా దాదాపు ఒకటే. మిగతా వెలుతురు లోపలికి వెళ్ళి చెదిరి బయటికొస్తుంది, మెలనిన్ ఎక్కువున్న చోట అందులో చాలాభాగం ఇంకిపోతుంది. కాబట్టి నల్లని ముఖంలో చెంప ఎముక, ముక్కు దూలం, మెడ వంపు ఎలా ఉన్నాయో చెప్పేది ముఖ్యంగా ఆ పైమెరుపే. చిన్న ఫ్లాష్ వేస్తే అది నుదుటి మీద నూనెచుక్కలా మెరిసి ఊరుకుంటుంది. పెద్ద తెల్లగుడ్డలోంచో, వరండా తలుపులోంచో వెలుతురు రానిస్తే చెంప పొడవునా సన్నగా పరుచుకుంటుంది, ముఖానికి రూపు వస్తుంది. ఇది తెలిసిన ఫొటోగ్రాఫర్ దగ్గర పౌడర్ డబ్బా అవసరం తక్కువ.

షట్టర్ పడే క్షణం మాట కూడా చెప్పి ఇంకో విషయంలోకి వెళ్తాను. అమెరికా శాస్త్రజ్ఞులు 2012లో మనుషుల చిన్న వీడియోలు, ఆ వీడియోల్లోంచే విడదీసిన ఒక్కో ఫ్రేము, రెండూ చూపించి మార్కులు వెయ్యమన్నారు. కదిలే ముఖానికి వచ్చినన్ని మార్కులు దాని ముక్కలకి రాలేదు. రోజూ మనల్ని చూసేవాళ్ళు చూసేది వీడియోనే. సెకనులో రెండు వందల్లో ఒక వంతు ఎవరూ చూడరు, కెమెరా తప్ప.

ఇన్ని చెప్పాక కూడా ఒక సంగతి మిగిలిపోతుంది. దూరం సరిచేసి, వెలుతురు సరిచేసి, మంచి క్షణం పట్టుకున్న ఫొటోలో కూడా చాలామంది ఆడవాళ్ళు ముందు వెతికేది తమకి నచ్చని చోటునే. నెదర్లండ్స్‌లోని మాస్‌ట్రిక్ట్‌లో అనీటా యాన్సెన్, సహచరులు 2005లో కంటి కదలికల్ని నమోదు చేసే పరికరంతో దీన్ని చూశారు. తిండికి సంబంధించిన మానసిక రుగ్మత లక్షణాలున్న స్త్రీలు తమ ఫొటోలో తమకి వికారమనిపించే భాగాల మీద ఎక్కువసేపు చూపు నిలిపారు. ఇతరుల ఫొటోల్లో వాళ్ళ అందమైన భాగాల మీద. ఆ లక్షణాల్లేనివాళ్ళు సరిగ్గా తలకిందులు. చూపు అలవాటే రోగంలో భాగమన్నమాట.

మన ఫొటో మనమే ఎంచుకుంటే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో డేవిడ్ వైట్ బృందం 2017లో చూపించింది. సోషల్ మీడియాలో పెట్టుకోవడానికి తమ ఫొటోల్లోంచి తాము ఏరుకున్నవాటికంటే, ముక్కూమొహం తెలియని పరాయివాళ్ళు ఏరినవి చూసేవాళ్ళకి ఎక్కువ నచ్చాయి. పెళ్ళిచూపులకి పంపే ఫొటో పిన్ని ఏరితే బాగుంటుందనే ఇళ్ళలో పిన్నికి తెలియకుండానే శాస్త్రం ఉంది.

సరే, మంచి పోర్ట్రెయిట్ తీయించుకుంటే నమ్మకం పెరుగుతుందా? అప్పటికప్పుడు పెరగొచ్చు. అక్కడే జాగ్రత్తగా ఆగి చూడాలి. 1997లో బార్బరా ఫ్రెడ్రిక్సన్, టోమీ-ఆన్ రాబర్ట్స్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. చిన్నప్పటినుంచి ఇతరుల చూపుల తూకంలో పెరిగిన ఆడపిల్ల చివరికి ఆ చూపుని తన లోపలే కాపలా పెట్టుకుంటుందని దాని సారాంశం. మరుసటి సంవత్సరం ఫ్రెడ్రిక్సన్ చేసిన ప్రయోగం ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. కాలేజీ విద్యార్థుల్ని ఒక్కొక్కరినీ అద్దమున్న గదిలోకి పంపి, కొందరికి స్విమ్‌సూట్, కొందరికి స్వెటర్ వేసుకోమన్నారు. లోపల వేరే ఎవరూ లేరు. ఆ బట్టల్లోనే ఒక లెక్కల పరీక్ష రాయమన్నారు. స్విమ్‌సూట్ వేసుకున్న అమ్మాయిలకి స్వెటర్ వేసుకున్న అమ్మాయిలకంటే మార్కులు తగ్గాయి, అబ్బాయిలకి తగ్గలేదు. తన ఒంటిని తానే బయటినుంచి చూసుకుంటూ ఉండే పనికి బుర్రలో కొంత భాగం అద్దెకి పోతుంది.

అందంగా వచ్చిన ఫొటో ఈ కాపలాదారుని పంపించెయ్యదు. ఒక్కోసారి మరింత మేపుతుంది. 2018లో టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో 110 మంది విద్యార్థినులతో చేసిన ప్రయోగంలో, సెల్ఫీ తీసుకుని ఆన్‌లైన్‌లో పెట్టినవాళ్ళకి ఆందోళన పెరిగింది, తాము అందంగా ఉన్నామనే నమ్మకం తగ్గింది. నచ్చినట్టు దిద్దుకునే వీలిచ్చినవాళ్ళకి కూడా అంతే. దీనికి పూర్తిగా ఎదురుగా, అన్ని రకాల శరీరాల్నీ మెచ్చుకునే ఇన్‌స్టాగ్రామ్ ఫొటోల్ని 195 మంది యువతుల్లో కొందరికి చూపించి 2019లో ఆస్ట్రేలియాలో పరిశీలించారు. వాళ్ళకి ఉత్సాహం పెరిగింది, తమ ఒంటి మీద తృప్తి పెరిగింది. కానీ తమని తాము రూపంగా లెక్కగట్టుకోవడం కూడా పెరిగింది. లావైనా అందమే, నల్లనైనా అందమే అని చెప్పినప్పుడు కూడా మాట అందం దగ్గరే తిరుగుతోంది కదా.

దిద్దుబాటు కొత్త పాపమేం కాదు. కంప్యూటర్లు రాకముందు మన పట్నాల స్టూడియోల్లో టచప్ చేసేవాళ్ళు ఉండేవాళ్ళు. ఏటవాలు బల్ల మీద గరుకుగాజు పలక, దానికింద కిటికీ వెలుతురుని పైకి తిప్పే అద్దం. నెగెటివ్‌ని ఆ గాజు మీద పెట్టి, పెన్సిల్ పట్టడానికి పల్చని ద్రావకం రుద్ది, గరుకుకాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్ ముల్లుతో చుక్కలు పెట్టేవాళ్ళు. నెగెటివ్‌లో ముఖం నల్లగా, ముడతలు తెల్లటి గీతలుగా ఉంటాయి. ఆ గీతల్లో పెన్సిల్ పొడి నింపితే అక్కడ వెలుతురు ఆగుతుంది, ప్రింటులో ముడత తెల్లబడి కలిసిపోతుంది. ఒక ముఖానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఇప్పటి ఫోను ఆ పనిని మనం అడగకుండానే చేసేస్తోంది. తేడా అక్కడుంది: ఎవరి ముఖమో వాళ్ళకి తెలియకుండా మారిపోతోంది. దిద్దిన ఫొటో కింద దిద్దామని రాయించే చట్టాలు ఇజ్రాయెల్, ఫ్రాన్స్, నార్వే తెచ్చాయి. ఉద్దేశం మంచిదే గానీ, అలాంటి చీటీలు చూసేవాళ్ళ మనసుకి పెద్దగా ఊరట ఇవ్వడం లేదని ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన ప్రయోగాలు తేల్చాయి. కళ్ళు చదివేలోపే మనసు పోల్చేసుకుంటుంది.

కెమెరాతో ఆడవాళ్ళ మనసుకి వైద్యం చెయ్యాలన్న ఆలోచన దాదాపు కెమెరా అంత పాతది. ఇంగ్లండ్‌లో సర్రే జిల్లా మానసిక చికిత్సాలయంలో స్త్రీల విభాగానికి అధికారిగా ఉన్న డాక్టర్ హ్యూ డైమండ్ 1850లలోనే రోగుల పోర్ట్రెయిట్లు తీసి, వాళ్ళకే చూపించి, తమ స్థితి తమకి అర్థమై కోలుకోవడానికి అవి సాయపడుతున్నాయని 1856లో రాయల్ సొసైటీ ముందు వ్యాసం చదివాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. చూస్తే నాకు డాక్టరు మంచితనం కంటే, ఎలా కూర్చోవాలో కూడా తాము నిర్ణయించుకోలేని ఆ స్త్రీల చేతులే ముందు కనిపిస్తాయి.

మన హైదరాబాదులో కథ ఇంకోలా నడిచింది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల అందరూ ఆడవాళ్ళే, నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. ఉద్దేశం పరదా కాపాడటమే, ఆత్మవిశ్వాసం ఊసు అప్పుడెవరికీ లేదు. అయినా ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు అనే ప్రశ్నని దీపాలకీ లెన్సులకీ ముందు పెట్టిన స్టూడియో అది.

ఆ ప్రశ్నని చివరిదాకా తీసుకెళ్ళిన మనిషి జో స్పెన్స్. లండన్‌లో కార్మిక కుటుంబంలో 1934లో పుట్టింది. కొన్నేళ్ళు సొంత స్టూడియో పెట్టి పెళ్ళిళ్ళు, కుటుంబాల ఫొటోలు తీసింది. కస్టమర్లకి ఏ ముఖం కావాలో, దాన్ని ఎలా తయారుచెయ్యాలో ఆవిడకి కొట్టినపిండి. 1982లో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. వార్డులో ఆమెతో ముందు మాటైనా లేకుండా ఒక యువ డాక్టర్ వచ్చి, తీసెయ్యాల్సిన రొమ్ము మీద గుర్తు పెట్టాడని ఆవిడ చెప్పుకుంది. ఆపరేషన్‌కి ముందు తన రొమ్ము మీద తానే అక్షరాలు రాసుకుని ఫొటో తీయించుకుంది: ఇది జో స్పెన్స్ ఆస్తేనా? చివర ప్రశ్నార్థకంతో సహా. మొత్తం రొమ్ము తీసెయ్యడానికి ఒప్పుకోలేదు, గడ్డవరకే తీయించుకుంది. తర్వాత వైద్యంలో ఆవిడ పట్టిన దారి అందరికీ చెప్పదగ్గది కాదు, ఇక్కడ మన విషయమూ కాదు.

1984 నుంచి స్పెన్స్, రోజీ మార్టిన్ కలిసి ఫొటో థెరపీ పేరుతో ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. ఒకరు కెమెరా ముందు, ఒకరు వెనక, తర్వాత తారుమారు. కెమెరా ముందున్నవాళ్ళే దర్శకులు. ఏ బట్టలు, ఏ వస్తువు, ఏ ఘట్టం, ఎక్కడ ఆపాలి, అంతా వాళ్ళ ఇష్టం. వాళ్ళ తల్లిలా, బడిపిల్లలా, ఆస్పత్రి మంచం మీద రోగిలా మళ్ళీ నటిస్తూ ఫొటోలు దిగేవాళ్ళు. కెమెరా వెనకున్న మనిషి పని మెచ్చుకోవడం కాదు, తోడుండటం. స్పెన్స్ ఫొటోలు అందంగా ఉండవు. ఒకదాంట్లో ఆపరేషన్ మచ్చ ఉన్న ఛాతీ మీద రాక్షసి అని రాసుకుంది. 1992లో రక్త క్యాన్సర్‌తో చనిపోయేదాకా తీస్తూనే ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. ఫొటో అందంగా రావడం వల్ల వచ్చే ధైర్యం తర్వాతి ఫొటో దాకా నిలుస్తుంది. ఫొటో తయారయ్యే పని మీద పట్టు చిక్కడం వల్ల వచ్చే ధైర్యం వేరు. దూరం, వెలుతురు, క్షణం, ఎంపిక, ఇవి తెలిసిన మనిషి పెళ్ళి గ్రూప్ ఫొటో చూసి నేనిలా ఉన్నానా అనుకునే ముందు, ఎవడ్రా ఇంత దగ్గర నుంచి తీసింది అనుకుంటుంది. ఆ ఒక్క క్షణం ఎడమే శాస్త్రం ఇవ్వగలిగిన బహుమతి.

ఈ రంగంలో మంచివాళ్ళని గుర్తుపట్టడం కష్టం కాదు. వాళ్ళు కెమెరా బయటికి తీసేముందు చాలాసేపు మాట్లాడతారు. పొట్ట లోపలికి పీల్చండి అని అనరు. ఊరికే నిలబెట్టడం కంటే ఏదో పని చేయిస్తారు: జడ అల్లుకోమంటారు, బిడ్డకి పాలివ్వమంటారు, నాట్యం వచ్చినావిడని అడుగు వెయ్యమంటారు. ఇందులోనూ శాస్త్రం ఉంది. మాస్‌ట్రిక్ట్‌లోనే జెసికా అలేవా స్త్రీలచేత తమ శరీరం ఎలా ఉంటుందో కాక, ఏమేం చేస్తుందో రాయించింది. నడవడం, జీర్ణం చేసుకోవడం, కావలించుకోవడం, పాడటం. పావుగంట చొప్పున మూడుసార్లు అలా రాసినవాళ్ళకి తమ ఒంటి మీద తృప్తి పెరిగింది, తమని తాము బయటినుంచి చూసుకోవడం తగ్గింది. సెల్ఫీ పరీక్షలోనూ ఇన్‌స్టాగ్రామ్ పరీక్షలోనూ దొరకని రెండో ఫలితం ఇక్కడ దొరికింది.

అలాగని ఫొటో షూట్ మందు కాదు. అద్దం చూడాలంటేనే భయం, తిండి మానెయ్యడం, తిన్నది కక్కెయ్యడం, ఒంట్లో ఒక భాగం గురించే రోజంతా ఆలోచన, ఇలాంటివి ఉంటే వెళ్ళాల్సింది మానసిక వైద్యుల దగ్గరికి. వాళ్ళు కూడా అద్దంతో చికిత్స చేస్తారు, కానీ దానికో క్రమం ఉంటుంది: తల నుంచి పాదాల దాకా ఒక్క చోటే ఆగకుండా, బాగుందనీ బాగోలేదనీ అనకుండా, ఉన్నది ఉన్నట్టు వర్ణించమంటారు.

దిద్దుబాటు గురించి స్టూడియోలో ముందే తేల్చుకోవాలి. చాలామంది మంచి ఫొటోగ్రాఫర్లు పాటించే నియమం తేలికైనది. రెండు వారాల్లో దానంతటదే పోయే మొటిమని తీసేస్తారు. పుట్టుమచ్చ, చార, కుట్ల గుర్తు, ఒంటి రంగు జోలికి అడక్కుండా వెళ్ళరు. ఏరేటప్పుడు పక్కన ఒక స్నేహితురాల్ని కూర్చోబెట్టుకుంటే డేవిడ్ వైట్ ప్రయోగం మీకూ ఉపయోగపడుతుంది.

ఇక మనవాళ్ళు ఎక్కువగా భయపడేది ఫొటో ఎలా వస్తుందోనని కాదు, ఎక్కడికి పోతుందోనని. ఆ భయం అర్థంలేనిది కాదు. అనుమతి లేకుండా ఆంతరంగిక భాగాల ఫొటో తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చాలామందికి తెలియని ఇంకో సంగతి 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు తీసినవాళ్ళది కాదు, తీయించుకున్నవాళ్ళది, వేరే ఒప్పందం లేకపోతే. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు సంతకం పెట్టమనే కాగితం మీద ఆ వేరే ఒప్పందం ఉందేమో చూడాలి. మీ ఫొటో వాళ్ళ పేజీలో పెట్టుకోవచ్చా అనే గడి ఉంటే ఖాళీగా వదలకుండా అవునో కాదో రాయాలి, ఫైళ్ళు ఎన్నాళ్ళకి చెరిపేస్తారో తారీఖు వేయించుకోవాలి.